మాన్పడిన ఒళ్లు

పన్నెండేళ్ల కిందట ఒక డిసెంబరు తెల్లవారుజామున, నేను ఎక్కిన బస్సు వంతెన మీద ఆగి ఉన్న లారీని గుద్దింది. డ్రైవరు వెనక రెండో వరసలో కిటికీ పక్క సీటు నాది. మంచులోంచి లారీ వెనక చెక్కలు, వాటికి వేలాడుతున్న నల్ల రబ్బరు ముక్క ఒక్క క్షణం కనిపించాయి. ఆ క్షణంలో నేను చేసిన పని ఒకటే. బ్రేకు నా కాలి కిందే ఉన్నట్టు కుడిపాదంతో బస్సు నేలను బలంకొద్దీ తొక్కాను. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. ముందు వరసలో ఇద్దరు పోయారు.

ఆ తర్వాత ఆ సంగతి వందసార్లు చెప్పి ఉంటాను. పోలీసులకు చెప్పాను, ఇన్సూరెన్సు వాళ్లకు చెప్పాను, హార్లిక్స్ సీసాలు పట్టుకుని పరామర్శకు వచ్చిన చుట్టాలకు చెప్పాను. చెప్పీ చెప్పీ అది నున్నబడిపోయింది. గొంతు వణక్కుండా, కాఫీ తాగుతూ చెప్పగలిగేదాన్ని. గట్టిదానివే అన్నారు అందరూ. కానీ కారెక్కితే చాలు, ముందు బండి వెనక ఎర్రలైటు వెలగ్గానే నా కుడిపాదం కింద పరిచిన పట్టాను తొక్కేసేది. తొడ బిగుసుకుపోయేది. విజయవాడలో బయల్దేరితే ఏలూరులో కుంటుకుంటూ దిగేదాన్ని. ప్రమాదం అయిపోయిందని నోటికి తెలిసింది, కాలికి తెలియలేదు.

మనసుకు తగిలిన గాయం ఒంట్లో ఎక్కడ ఉంటుంది, దాన్ని మాటలతో మాత్రమే మాన్పగలమా అన్న ప్రశ్న నాకు అలా మొదలైంది. ఈ పన్నెండేళ్లలో దాని గురించి చదివాను, ఆ పని చేసేవాళ్లను కలిశాను, కొంత నా మీదే చూసుకున్నాను.

నిజానికి తెలుగువాళ్లకు ఇది తెలియని విషయం కాదు. మన మాటల్లోనే ఉంది. నోట మాట రాలేదంటాం. కాళ్లూ చేతులూ ఆడలేదంటాం. గుండె జారిపోయిందంటాం, కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుందంటాం. అన్నిటికంటే నన్ను ఆపేసే మాట ‘మాన్పడిపోవడం’. మాను అంటే చెట్టు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే చెట్టయిపోవడం. చిన్నప్పుడు నేను జడుసుకుని దడుపు జ్వరం తెచ్చుకుంటే, మా అమ్మమ్మ నన్ను చంకనేసుకుని మసీదు దగ్గరికి తీసుకెళ్లి ఊదించేది, తాయెత్తు కట్టించేది. వచ్చాక వేడినీళ్లు పోసి, వీపు రాస్తూ పక్కలో పడుకోబెట్టుకునేది. తాయెత్తు మాటెలా ఉన్నా, భయం ఒంట్లోకి దిగుతుందని ఆవిడకు తెలుసు. ‘ఏం జరిగింది, చెప్పు’ అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

శరీరశాస్త్రం దీన్నే తన పద్ధతిలో చెబుతుంది. అపాయం ఎదురైతే మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా మనం ఆలోచించేలోపే గంట మోగిస్తుంది. అడ్రినలిన్ పారుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పొట్టను వదిలి కాళ్లూ చేతుల కండరాల్లోకి పరుగెడుతుంది. పోట్లాడటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. రెండూ కుదరని చోట మూడోది జరుగుతుంది. ఒళ్లు బిగుసుకుపోతుంది. అపాయం గడిచాక చాలామందిలో ఈ గంట దానంతటదే ఆగుతుంది. కొందరిలో ఆగదు. నెలలూ ఏళ్లూ గడిచినా ఒక వాసనకో, తలుపు చప్పుడుకో మళ్లీ మోగుతుంది. దీనికి వైద్యులు పెట్టిన పేరు పీటీఎస్‌డీ. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల అవస్థలు చూశాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలోకి ఆ పేరు ఎక్కింది.

నోట మాట రాకపోవడానికీ ఒక ఆధారం దొరికింది. 1996లో బోస్టన్‌లో స్కాట్ రౌచ్ అనే వైద్యుడి బృందం ఎనిమిది మంది బాధితుల మెదళ్లకు పెట్ స్కాన్ తీసింది. వాళ్లకు జరిగినదాన్నే రాసి, వాళ్లకే వినిపిస్తూ తీసిన స్కాన్లవి. అమిగ్డలా వైపు చురుకు పెరిగింది. మాటను కూర్చే బ్రోకా ప్రాంతంలో రక్తప్రసారం తగ్గింది. ఎనిమిది మంది చాలా చిన్న సంఖ్య, దాని మీద పెద్ద మేడ కట్టకూడదు. అయినా ‘చెప్పమ్మా, చెబితే భారం దిగుతుంది’ అని ఎదురుగా కూర్చుని తొందరపెట్టే ప్రతి ఒక్కరికీ ఆ స్కాన్ చూపించాలనిపిస్తుంది నాకు.

మాన్పడటం గురించి ఇంకొంచెం చెప్పాలి. మన దేశంలో ఆ ఒక్క సంగతి తెలియక ఆడవాళ్లకు జరిగిన అన్యాయం ఇంతా అంతా కాదు.

స్టాక్‌హోంలో అత్యాచార బాధితుల కోసమే నడిచే అత్యవసర వైద్య విభాగం ఒకటుంది. అక్కడికి వచ్చిన 298 మంది స్త్రీలతో మాట్లాడి చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. దాడి జరుగుతున్నప్పుడు ఒళ్లు బిగుసుకుపోయి కదల్లేకపోయామని వాళ్లలో 70 శాతం మంది చెప్పారు. 48 శాతం మందిలో అది చాలా తీవ్రంగా ఉంది. అలా బిగుసుకుపోయినవాళ్లకే ఆరు నెలల తర్వాత పీటీఎస్‌డీ, తీవ్రమైన కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువని కూడా తేలింది. మరి మన దగ్గర? మహారాష్ట్రలో 1972లో పోలీస్‌స్టేషన్‌లోనే అత్యాచారానికి గురైన మథుర అనే ఆదివాసీ బాలిక కేసులో, 1978లో సుప్రీంకోర్టు నిందితులైన ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు అన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన కారణం. ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా గొడవ లేచి 1983లో చట్టం మారింది. ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో నేరుగా రాయడానికి మాత్రం 2013 దాకా పట్టింది.

చట్టంలో రాశాం. ఇళ్లలో ఇంకా అడుగుతూనే ఉన్నాం, ‘అరవలేకపోయావా?’ అని. ఆ ప్రశ్న బయటివాళ్లు వేసేకంటే ముందు బాధితురాలే తనకు తాను వెయ్యిసార్లు వేసుకుని ఉంటుంది. అరవకపోవడం ఆమె ఒప్పుకోలూ కాదు, పిరికితనమూ కాదు. ఆ క్షణాన ఆమె ఒంటికి మిగిలిన ఒకే దారి అది. ఈ ముక్క ఎవరైనా విడమరిచి చెప్పిన రోజున మొదటిసారి తనను తాను క్షమించుకున్నవాళ్లు ఉన్నారని, ఈ రంగంలో పనిచేసేవాళ్లు మళ్లీ మళ్లీ చెబుతారు.

మాటతో చేసే వైద్యాన్ని తక్కువ చేయడానికి ఇదంతా రాయడం లేదు. దాని చరిత్ర పెద్దది, దానికున్న రుజువులూ గట్టివి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగుల మోత మధ్య నుంచి వచ్చిన సైనికులు ఒణుకుతూ, మూగబోయి, చూపు పోయి, కాళ్లు పడిపోయి ఆస్పత్రులు చేరారు. ఒంటి మీద గాయం ఉండేది కాదు. 1915లో చార్లెస్ మయర్స్ ‘లాన్సెట్’ పత్రికలో దానికి షెల్ షాక్ అన్న పేరు వాడాడు. లండన్‌లో లూయిస్ యీలండ్ అనే వైద్యుడు మూగబోయిన సైనికుల గొంతుకు కరెంటు పెట్టి మాట్లాడించేవాడు. ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రిలో రివర్స్ అనే ఆయన మాత్రం పక్కన కూర్చుని మాట్లాడేవాడు, మాట్లాడనిచ్చేవాడు. ఈ రివర్స్ మనకు కొత్తవాడు కాదు, అంతకు ముందు నీలగిరుల్లో తిరిగి తోడా తెగ మీద 1906లో పెద్ద పుస్తకం రాసినాయన. యీలండ్ పట్టుకున్నదీ ఒంటినే కదా! ఒంటి మీద పనిచేసినంత మాత్రాన ఏదీ దయగల వైద్యమైపోదని ఆయన కథ నాకు ఎప్పుడూ గుర్తుచేస్తుంటుంది.

ఇవాళ పీటీఎస్‌డీకి ప్రపంచవ్యాప్తంగా ముందు వరసలో ఉన్నవి మాట చికిత్సలే. జరిగినదాన్ని భద్రమైన చోట, తోడు ఉండగా, క్రమంగా ఎదుర్కోవడం ఒకటి. ‘అంతా నా తప్పే’ వంటి ఆలోచనలను విప్పి చూసుకోవడం ఇంకొకటి. కదిలే వేలిని కళ్లతో అనుసరిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్ పద్ధతిని ఫ్రాన్సిన్ షపీరో 1987లో మొదలుపెట్టింది. దాన్నీ, ఆఘాతం మీద దృష్టిపెట్టే సీబీటీ అనే మాట చికిత్సనూ 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. వీటితో వేలమంది బాగుపడ్డారు.

చిక్కల్లా ఆ కుర్చీలో కూర్చోలేనివాళ్లతోనే. కొందరు సగంలో మానేస్తారు. కొందరు నాలాగా కథ అప్పజెప్పినట్టు చెప్పేస్తారు, లోపల ఏమీ కదలదు. కొందరు నోరు తెరవగానే ఆ రోజులోకే వెళ్లిపోతారు, చెమటలు పట్టి, ఊపిరందక, ఆ గదిలోనే ఉన్నామన్న స్పృహ తప్పిపోతారు. మాటకు ముందు వీళ్ల ఒంటికి కొంచెం నేల దొరకాలి.

నేను వెళ్లిన సైకాలజిస్టు గదిలో ఏసీ చప్పుడు, రెండు కుర్చీలు, కిటికీ బయట బాదంచెట్టు ఉండేవి. తలుపు కనబడేలా కూర్చుంటారా, కిటికీ కనబడేలానా అని అడిగారు ముందు. అంతకు ముందు ఏ డాక్టరూ నన్ను అలా అడగలేదు. తలుపు వైపు కూర్చున్నాను. బస్సు కథ మొదలుపెట్టాను, ఎప్పటిలాగే గడగడా. రెండో వాక్యం దగ్గర ఆపారు.

“కథ తర్వాత విందామండీ. ఇప్పుడు మీ కుడికాలు ఏం చేస్తోంది?”

చూసుకుంటే మడమ లేచి ఉంది. మునివేళ్లు నేలను నొక్కుతున్నాయి.

“దాన్ని ఆపొద్దు. అది ఏం చేయాలనుకుంటోందో చూడండి. మీకు చాలనిపిస్తే చెప్పండి, ఆపేద్దాం.”

తొక్కాలనుకుంటోంది. ఆవిడ నా కుర్చీని గోడ దగ్గరికి జరుపుకోమన్నారు. గోడకు పాదం ఆనించి, నెమ్మదిగా, ఎంత కావాలంటే అంత నెట్టమన్నారు. నెట్టాను. పది పదిహేను సెకన్లు. పిక్క నుంచి తొడ దాకా వణుకు వచ్చింది, చలికి వచ్చే వణుకులాంటిది. భయమేసింది. బాదంచెట్టు చూడమన్నారు. దాని ఆకుల్లో ఒకటి ఎర్రబడి ఉంది. దాన్ని చూస్తూ ఉంటే పెద్ద నిట్టూర్పు ఒకటి దానంతటదే వచ్చింది. మళ్లీ కాలి దగ్గరికి వెళ్లాం, మళ్లీ చెట్టు దగ్గరికి వచ్చాం. ఆ రోజు గంటలో బస్సు గురించి మాట్లాడింది ఐదు నిమిషాలు కూడా ఉండదు. నాలుగో వారానికి గానీ అసలు కథ చెప్పనివ్వలేదు. చెప్పినప్పుడు మాత్రం, పన్నెండేళ్లలో మొదటిసారి, ముందు వరసలో కూర్చున్న ఆవిడ చీర రంగు గుర్తొచ్చి ఏడ్చాను.

ఈ పద్ధతి మూలాలు అమెరికాలో పీటర్ లెవీన్ అనే ఆయన దగ్గర ఉన్నాయి. అడవి జంతువులు వేటాడే జంతువు నోట్లోంచి తప్పించుకున్నాక ఒళ్లు దులుపుకుని మళ్లీ మేతకు పోతాయి, మనుషులం ఆ దులుపుకోవడం మధ్యలో ఆపేసుకుంటాం అన్నది ఆయన ఆలోచన. 1997లో పుస్తకంగా రాశాడు. జంతువుల గురించి ఆయన చెప్పినదంతా శాస్త్రంగా నిలుస్తుందని నేను అనుకోను. ఆయన పట్టుబట్టిన జాగ్రత్త మాత్రం చాలా విలువైంది. ఆఘాతాన్ని ఒక్కసారిగా బయటికి లాగొద్దు, కొద్దికొద్దిగా తాకి వెనక్కి రావాలి అంటాడు. చెరువు నిండి కట్ట మీదికి నీరు వచ్చినప్పుడు మన రైతు చేసేది అదే. తూము కొంచెం ఎత్తుతాడు, గండి కొట్టడు. ఈ పద్ధతి మీద ఇజ్రాయెల్‌లో 63 మందితో చేసిన పరీక్ష 2017లో అచ్చయింది. పదిహేను వారాల తర్వాత లక్షణాలు బాగా తగ్గాయి. మంచి ఆరంభమే, కానీ మాట చికిత్సలకు ఉన్నన్ని పరీక్షలు దీనికి ఇంకా లేవు.

మనకు దగ్గరగా, మన కళ్లముందే జరిగిన కథ ఒకటుంది. 2004 డిసెంబరు 26, ఆదివారం. సునామీ మన ఆంధ్ర తీరంలో వందమందికి పైగా ప్రాణాలు తీసింది. తమిళనాడులో ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరువేలమందికి పైగా పోయారు. బతికినవాళ్లు శిబిరాల్లో పడ్డారు. బెస్తవాళ్లు సముద్రం వైపు తిరగడానికి భయపడ్డారు. అది వాళ్లకు భయపెట్టే జ్ఞాపకం, అదే అన్నం పెట్టే చోటు కూడా. అక్కడికి దేశదేశాల నుంచి సలహాదారులు వచ్చారు. కౌన్సెలింగ్ అన్న మాటే ఎన్నడూ వినని మనుషులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ‘మీ భావాలు చెప్పండి’ అంటే ఏం చెబుతారు?

శిబిరాల్లో జరిగిన ఒక ప్రయత్నం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. తీవ్రమైన లక్షణాలున్న 183 మందిని శిబిరాల వారీగా మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగు రోజుల్లో మొత్తం ఎనిమిది గంటల పాటు ఉజ్జాయి వంటి శ్వాస పద్ధతులు నేర్పారు. రెండో గుంపుకు శ్వాసతో పాటు, జరిగినదాన్ని తలచుకుని చెప్పే చికిత్స కూడా మూడు నుంచి ఎనిమిది గంటలు ఇచ్చారు. మూడో గుంపు ఆరువారాలు ఎదురుచూసింది. పదిహేడు ప్రశ్నలతో 85 మార్కుల దాకా కొలిచే కొలమానం అది. ఆరువారాలకు మొదటి గుంపులో సగటున 42.5 మార్కులు, రెండో గుంపులో 39.2 తగ్గాయి. ఎదురుచూసిన గుంపులో తగ్గినవి 4.6 మాత్రమే. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు నాగరాజ, గంగాధర్ కూడా ఇందులో భాగస్వాములు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి.

ఈ అంకెలు చూసి ఎగిరి గంతేయొద్దు. ఎవరు ఏ గుంపులో పడాలన్నది చీటీ వేసి తేల్చింది కాదు. ఒక శిబిరంలో అందరూ కలిసి ఊపిరి పీల్చి వదిలినప్పుడు, శ్వాస చేసిన మేలు ఎంతో, పదిమందిలో కూర్చున్న ధైర్యం చేసిన మేలు ఎంతో విడదీయలేం. నన్నడిగితే విడదీయాల్సిన అవసరమూ అంతగా లేదు. శ్వాసలో ఉన్న సంగతి మాత్రం స్పష్టంగా తెలిసిందే. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెను కాస్త నెమ్మదింపజేస్తుంది. నిమిషానికి ఆరు దాకా తగ్గించి నిదానంగా పీల్చి వదిలితే ఆ లయ బలపడుతుంది. గుండెను ఆగమంటే ఆగదు, కడుపును ఊరుకోమంటే ఊరుకోదు. ఊపిరొక్కటే మన ప్రమేయం లేకుండానూ నడుస్తుంది, మనం చెప్పినా వింటుంది.

అదే తీరంలో 2005లో, రాజా సెల్వం అనే సైకాలజిస్టు బృందం మత్స్యకార గ్రామాల్లో 150 మందితో ఒళ్లు కేంద్రంగా పనిచేసింది. ఒక్కొక్కరికి 75 నిమిషాలు. ఎనిమిది నెలల తర్వాత వెళ్లి చూస్తే 90 శాతం మంది బాగా మెరుగుపడ్డామనో, పూర్తిగా తగ్గిందనో చెప్పారు. పోల్చి చూసే గుంపు లేదు కాబట్టి ఇది రుజువు కాదు. కానీ దుబాసీ సాయంతో, చెట్టుకిందో గుడి అరుగుమీదో కూర్చుని, ‘గుండెలో ఎలా ఉంది, కాళ్లలో ఎలా ఉంది’ అని అడిగితే ఆ పల్లెలకు అర్థమైంది. మన పల్లెలకూ అర్థమవుతుంది.

యోగా మాట ఎత్తగానే మనకు ఛాతీ ఉప్పొంగుతుంది. బెస్సెల్ వాన్ డెర్ కోల్క్, ఒళ్లు మరిచిపోని లెక్కల గురించి 2014లో పుస్తకం రాసి లోకమంతా చదివించిన బోస్టన్ వైద్యుడు, అదే ఏడాది ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించాడు. ఏళ్ల తరబడి చికిత్స తీసుకున్నా పీటీఎస్‌డీ తగ్గని 64 మంది స్త్రీలలో సగంమందికి పది వారాలు, వారానికో గంట యోగా నేర్పారు. మిగతా సగానికి స్త్రీల ఆరోగ్యం మీద తరగతులు పెట్టారు. చివరికి యోగా చేసిన 31 మందిలో 16 మందికి ఆ జబ్బు లక్షణాలు జబ్బు అనిపించుకునే స్థాయి కంటే కిందికి దిగాయి. రెండో వైపు 29 మందిలో అలా జరిగింది ఆరుగురికి. ఆ పరిశోధన పేరులోనే యోగాను అనుబంధ చికిత్స అన్నారు, పక్కన నిలబడేదన్న అర్థంలో.

అది మన వీధి చివర జరిగే యోగా కాదన్నది అసలు సంగతి. డేవిడ్ ఎమర్సన్ అనే శిక్షకుడు గాయపడినవాళ్ల కోసం దాన్ని మొదటి నుంచీ మార్చుకుంటూ వచ్చాడు. గురువు తన చాప వదిలి తిరగడు. వెనక నుంచి రాడు. వీపు సరిచేస్తానని ముట్టుకోడు. గదిలో లైట్లు ఆర్పడు. ‘కళ్లు మూసుకోండి’ అనడు, ‘ఇష్టమైతే మూసుకోవచ్చు, తెరిచి ఉంచినా సరే’ అంటాడు. చెయ్యి ఎంతవరకు ఎత్తాలన్నది ఆ చెయ్యి గలవాళ్లు తేల్చుకుంటారు. మన తరగతులు గుర్తు తెచ్చుకోండి. ‘వెన్ను నిటారుగా! ఇంకా వంగండి! కదలొద్దు!’ నేనెంతో గౌరవించే ఒక గురువుగారు కూడా అలాగే నేర్పేవారు. క్రమశిక్షణకు అది మంచిదే. కానీ ఎవరో ఒకరి చేతుల్లో తన ఒళ్లు తనది కాకుండా పోయిన మనిషికి, చీకటి గదిలో వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోమన్న ఆజ్ఞ ఎలా వినిపిస్తుంది? శవాసనం అన్న మాట సముద్రం ఒడ్డున సొంతవాళ్ల కోసం శవాల వరసలు వెతికినవాళ్లకు ఎలా వినిపిస్తుంది?

నేను ఇంతకాలం చదివినదంతా పిండితే చివరికి మిగిలేది ఇదే. ఆసనంలో కాదు, శ్వాసలో కాదు, ‘మీ ఇష్టం’ అన్న మాటలో ఉంది మందు. ఆఘాతం అంటేనే, నీ ఇష్టంతో పనిలేకుండా నీ ఒంటికి ఏదో జరిగిపోవడం. కాబట్టి బాగవడం అంటే, గోరంత విషయంలోనైనా, ఒంటి మీద తన ఇష్టం తనకు తిరిగి రావడం. మంచి మాట చికిత్సలోనూ జరిగేది ఇదే. అమెరికాలో సైన్యంలో పనిచేస్తూ లైంగిక హింసకు గురైన 131 మంది స్త్రీలతో 2023లో అచ్చయిన పరీక్షలో, ఎమర్సన్ తరహా యోగా గట్టి మాట చికిత్సతో సమానంగా పనిచేసింది. చివరిదాకా నిలిచినవాళ్లు యోగా వైపే ఎక్కువ.

మన దేశంలో దీన్ని ఇంకో దారిలో చేసి చూపించినవాళ్లున్నారు. సోహినీ చక్రవర్తి 2004లో స్థాపించిన ‘కోల్‌కతా సంవేద్’, అక్రమ రవాణా నుంచి బయటపడ్డ అమ్మాయిలతో నాట్యం ద్వారా పనిచేస్తోంది. ప్రదర్శనకు తయారుచేసే నాట్యం కాదు. నడక, దూకడం, కాలితో నేలను తన్నడం, ‘ఇది నా జాగా’ అని చేతులు చాచి చుట్టూ గీత గీసుకోవడం వంటివి. ఆ అమ్మాయిల్లో కొందరు తర్వాత తామే శిక్షకులయ్యారు. ముంబయి టాటా సామాజిక విజ్ఞాన సంస్థ వాళ్లతో కలిసి ఈ నాట్యచికిత్సలో డిప్లొమా కూడా పెట్టింది. మన హైదరాబాద్‌లో సునీతా కృష్ణన్ తన ‘ప్రజ్వల’ సంస్థలో అలాంటి అమ్మాయిలకే వెల్డింగ్, తాపీపని నేర్పించారు. దానికి చికిత్స అన్న పేరు లేదు. అయినా ఒకప్పుడు ఇతరులు అమ్ముకున్న చేతులు నిప్పురవ్వల మధ్య ఇనుము అతుకుతుంటే, ఆ చేతులకు ఏమీ జరగదని నేను అనుకోలేను.

దీనికి ఎదురు వైపున మన ఇళ్లలో ఏం చేస్తాం? భర్త పోయిన మనిషిని మూల కూర్చోబెడతాం. పేరంటాలకు పిలవం, శుభకార్యాల్లో ముందుకు రానివ్వం. పాట, చప్పట్లు, పదిమంది భుజాలు ఆనుకుని కూర్చోవడం, ఇవన్నీ అందరికంటే ఎక్కువ కావాల్సిన మనిషినే వాటికి దూరం చేస్తాం. పురుగుమందు తాగి పోయిన రైతు ఇంట్లో ఆ మూల ఇంకా చీకటి. ఇంకో మంచి ఆచారమూ ఉంది, చావింట్లో ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ఊగుతూ, పోయినవాళ్ల గుణాలు చెప్పి శోకాలు పెట్టడం. మాట, రాగం, స్పర్శ మూడూ అందులో కలిసి ఉంటాయి. దాన్ని అనాగరికమని సిగ్గుపడటం నేర్చుకున్నాం. అలాగని ఏడవనిదాన్ని చుట్టుముట్టి ‘ఏడువమ్మా, ఏడిస్తేగాని గుండె తేలికపడదు’ అని కుదపడమూ తప్పే. ప్రమాదం జరిగిన వెంటనే బలవంతంగా అంతా చెప్పించడం మేలు చేయదని ఇప్పుడు తేలింది. మొదట కావాల్సింది నీళ్లు, దుప్పటి, సొంతవాళ్ల జాడ, పక్కన ఒక మనిషి.

ఈ రంగంలో మోసాలు చాలా ఉన్నాయి. ఒక వారాంతం శిక్షణతో సర్టిఫికెట్టు గోడకు తగిలించుకునేవాళ్లు ఉన్నారు. ఒళ్లు ఊపించే వీడియోలు చూసి ఇంట్లో ఒంటరిగా చేసి, పాత భయం మీద పడి అల్లాడినవాళ్లున్నారు. ‘నీ నడుంనొప్పిలో చిన్ననాటి గాయం దాగుంది, నేను తీస్తాను’ అనేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. నొప్పి నొప్పే, అది జ్ఞాపకానికి సాక్ష్యం కాదు. లేని జ్ఞాపకాన్ని పుట్టించడం కష్టమైన పనేం కాదు. నాడుల మీద స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించిన పాలీవేగల్ సిద్ధాంతాన్ని ఈ శిక్షణల్లో వేదవాక్యంలా చెబుతారు గానీ, శరీరశాస్త్రజ్ఞులు దాని పునాదులనే ప్రశ్నిస్తున్నారు. అడక్కుండా ముట్టుకునేవాళ్లను, వాడుతున్న మందులు మానేయమనేవాళ్లను, ఒక్క విడతలో అంతా పోతుందనేవాళ్లను నమ్మొద్దు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

అడగడానికైనా మనిషి దొరకాలి కదా! 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు. 2022 అక్టోబరు నుంచి ఫోనులో మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 పనిచేస్తోంది. ఉచితం, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడి నుంచి దగ్గర్లోని ఆస్పత్రికి దారి చూపిస్తారు. తుపాను షెల్టర్లలో, హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రాల్లో, కుటుంబ పెద్ద ఆత్మహత్య చేసుకున్న ఇళ్లకు వెళ్లే ఆశా కార్యకర్తల చేతుల్లో ఈ చిన్న చిన్న సంగతులు ఉంటే ఎంత బావుండునో అనిపిస్తుంది. తలుపు కనబడేలా కూర్చోబెట్టడం, ముట్టుకునే ముందు అడగడం, పాదాలు నేలకు ఆనించమని చెప్పడం, ఊపిరి వదలడం కాస్త పొడవుగా చేయించడం. వీటికి మిషన్లు అక్కర్లేదు, కొన్ని రోజుల శిక్షణ చాలు.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కారులో ఆ వంతెన మీదుగానే వెళ్లాం. పొద్దున ఆరున్నర, మంచు. ముందు ట్రాక్టరు ఒకటి చెరకు వేసుకుని పోతోంది. దాని వెనక లైట్లు లేవు. నా కుడికాలు లేచింది. పాదం నేలను నొక్కింది. తెలిసింది నాకు. మడమ కిందికి దించాను. ఊపిరి వదిలాను. అద్దంలోంచి పక్కన పొలంగట్టు మీద కొంగలు కనిపించాయి.

“ఒరేయ్, కొంచెం మెల్లగా పోనివ్వు. ఆ ట్రాక్టరుకు దూరం ఉంచు.”

“సరే అక్కా,” అని వాడు వేగం తగ్గించాడు. వెనక సీట్లో మా మేనకోడలు అరిసెల డబ్బా మూత తీసి, కావాలా అత్తా అంది. ఒకటి తీసుకున్నాను.